తీర్థానికి లెక్క ఉంది, కుళాయికి లేదు



శివాలయంలో గర్భగుడి ముందు నిలబడి ఒకసారి తలెత్తి చూస్తే లింగం పైన వేలాడే ధారాపాత్ర కనిపిస్తుంది. రాగిదో ఇత్తడిదో అయి ఉంటుంది. అడుగున సన్నని బెజ్జం. అందులోంచి చుక్క తర్వాత చుక్క, ఏ తొందరా లేకుండా లింగం మీద పడుతూ ఉంటుంది. సెకనుకు ఒక చుక్క చొప్పున, నాలుగు చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు అనుకుంటే, పొద్దున 6 గంటల నుంచి మధ్యాహ్నం 12 దాకా పడే నీళ్లు అయిదున్నర లీటర్లకు మించవు. చిన్న బిందెడు కూడా కాదు. పాత్రలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో అర్చకస్వామి ఓ కంట కనిపెట్టుకునే ఉంటారు. ధార తెగకూడదు, పొంగిపోకూడదు.

అదే గుడి బయట, కాళ్లు కడుక్కునే చోట, వరసగా ఎనిమిది కుళాయిలు. వాటిలో ఒకదానికి వాషర్ అరిగిపోయింది. అక్కడా సెకనుకు ఒక చుక్క పడుతోంది. అయితే దానికి మధ్యాహ్నం తలుపులు మూసే వేళ లేదు, పవళింపు సేవ లేదు. రాత్రీ పగలూ పడుతూనే ఉంటుంది. రోజుకు 21 లీటర్ల పైమాట. ఏడాది తిరిగేసరికి 7,800 లీటర్లు దాటుతుంది, అంటే 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర. అది ఒక్క కుళాయి, ఒక్క వాషర్ లెక్క.

ఒకే గుడి, ఒకే బోరు. లోపల పడే చుక్కను చూసుకునే మనిషి ఉన్నారు, బయట పడే చుక్కకు ఎవరూ లేరు. ఆలయాలు, మసీదులు, చర్చిలు, గురుద్వారాల్లో నీటి ఆడిట్ జరగాలని ఇవాళ అడుగుతున్నది ఈ రెండో చుక్క కోసమే.

ఆడిట్ అనగానే చాలామందికి డబ్బు గుర్తొస్తుంది. గుళ్లకు ఆ అలవాటు కొత్తది కాదు. దేవాదాయ శాఖ కిందకు వచ్చే ఆలయాల లెక్కలు 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం ఆడిట్ కావలసిందే. హుండీ విప్పితే అందరి ఎదుటా చాపలు పరిచి, నోట్లు వేరు, చిల్లర వేరు చేసి లెక్కపెడతారు. తిరుమలలో పరకామణి అని దానికో పేరు, దానికో స్థలం, దానికో కట్టుబాటు ఉన్నాయి. అర్ధరూపాయి బిళ్ల కూడా లెక్కలోకి ఎక్కుతుంది. అదే ఆలయంలో నిన్న ఎన్ని లీటర్ల నీళ్లు వాడారని అడిగితే చాలాచోట్ల జవాబు దొరకదు. ధారాళంగా ఖర్చయిపోయే దేన్నయినా ‘మంచినీళ్ల ప్రాయం’ అనడం మన భాషలోనే ఉంది. బావిలో చేద వేస్తే చేతికందే దూరంలో నీళ్లున్న రోజుల మాట అది. వెయ్యి అడుగులు బోరు వేసినా దుమ్ము లేస్తున్న ఊళ్లలో ఆ మాటకు ఇప్పుడు అర్థం మారిపోయింది.

ఆడిట్ అంటే అభిషేకాలు తగ్గించమంటారేమోనని కొందరు భక్తులకు భయం. ఆ భయం పోవాలంటే ముందు దేవుడి వాటా ఎంతో చూడాలి. ఆచమనానికి అరచేతిలో ఎన్ని నీళ్లు పోసుకోవాలి? మినపగింజ మునిగేటన్ని. అంతకు మించితే శాస్త్రం ఒప్పుకోదు. తీర్థం ఉద్ధరిణితో ఇస్తారు, చెంబుతో పోయరు. కొలత లేని నీళ్లు పూజలో ఎక్కడా కనిపించవు. బాగా పెద్ద అభిషేకాన్నే తీసుకుందాం. సింహాచలంలో వైశాఖ శుద్ధ తదియనాడు చందనోత్సవం జరుగుతుంది. ఏడాదికొకసారి స్వామి నిజరూపం కనిపించే రోజది. ఆ రోజున గంగధార నుంచి తెచ్చిన వెయ్యి ఘటాల నీళ్లతో సహస్ర ఘటాభిషేకం చేస్తారు. ఘటానికి 10 లీటర్లు పడతాయనుకున్నా మొత్తం 10,000 లీటర్లు. రెండు ట్యాంకర్లు. అదీ ఏడాదికి ఒక్కసారి, అదీ కొండమీద సహజంగా ఊరే ధార నుంచి. కాబట్టి దేవుడి ఖాతాలో దుబారా వెతకడం అనవసరం. చూడవలసింది మనుషుల ఖాతా.

ఆ ఖాతా ఎంత పెద్దదో చెప్పడానికి తిరుమల కంటే మంచి ఉదాహరణ లేదు. 2024 ఆగస్టులో తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులకూ స్థానికులకూ ఒక విన్నపం చేసింది. ఆ ఏడు వానలు సరిగా పడలేదు, నీళ్లు పొదుపుగా వాడండి అని. ఆ విన్నపంతో పాటు అంకెలు కూడా బయటపెట్టింది. అది మెచ్చుకోవలసిన సంగతి. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార. ఈ అయిదు జలాశయాల మొత్తం సామర్థ్యం 14,304 లక్షల గ్యాలన్లు. ఆ రోజున వాటిలో ఉన్నవి 5,800 లక్షల గ్యాలన్లు. తిరుమలలో రోజువారీ వాడకం 43 లక్షల గ్యాలన్లు. అందులో 18 లక్షలు కొండమీది జలాశయాల నుంచి, మిగతావి కింద తిరుపతి దగ్గరి కల్యాణి డ్యాం నుంచి వస్తాయి. ఉన్న నీళ్లు 120 నుంచి 130 రోజులకు సరిపోతాయని దేవస్థానం చెప్పింది.

43 లక్షల గ్యాలన్లంటే, గ్యాలన్‌కు నాలుగున్నర లీటర్ల లెక్కన, దాదాపు 1 కోటి 93 లక్షల లీటర్లు. రోజుకు 70 వేల మంది కొండమీద ఉన్నారనుకుంటే తలకు 275 లీటర్ల పైచిలుకు. మురుగు కాలువల వ్యవస్థ ఉన్న నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు అవసరమని మన దేశంలో తాగునీటి ఇంజనీర్లు పెట్టుకున్న ప్రమాణం. దానికిది రెట్టింపు. అలాగని భక్తుల్ని తప్పుపట్టడం సరికాదు. తలనీలాలు ఇచ్చి స్నానం చేస్తారు, బస చేస్తారు, భోజనం చేస్తారు. ఈ మొత్తంలో స్థానికుల ఇళ్లు, హోటళ్లు, వంటశాలలు, పూలతోటలు కూడా ఉన్నాయి. ఆ 275 లీటర్లలో తలనీలాలిచ్చే కల్యాణకట్టకు ఎంత, వసతి గదులకు ఎంత, అన్నప్రసాదానికి ఎంత, తోటలకు ఎంత, పైపుల్లో కారిపోయేది ఎంత అని విడగొట్టి చూపేదే ఆడిట్. మొత్తం అంకె ఒక్కటీ తెలిస్తే భయం పుడుతుంది. విడివిడి అంకెలు తెలిస్తే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలుస్తుంది.

ఇంకొక లెక్క కూడా ఉంది. తిరుమల సముద్రమట్టానికి దాదాపు 2,800 అడుగుల ఎత్తున ఉంది. కింది నుంచి పైకి నీళ్లు తోడాలంటే సుమారు 700 మీటర్లు ఎక్కించాలి. వెయ్యి లీటర్ల నీటిని అంత ఎత్తుకు చేర్చడానికి భౌతికశాస్త్రం లెక్క ప్రకారమే దాదాపు రెండు యూనిట్ల కరెంటు కావాలి. మోటార్లలో, పైపుల్లో పోయే శక్తి కలుపుకుంటే ఇంకా ఎక్కువ. కొండమీద ఒక గదిలో గీజరు వేడెక్కేదాకా వదిలేసిన చన్నీళ్లలో సగానికి పైగా అలా కరెంటు తాగి కొండెక్కిన నీళ్లే. మొత్తం వాడకంలో నూటికి ఒక వంతు కారిపోయినా రోజుకు 1 లక్షా 93 వేల లీటర్లు, అంటే 39 ట్యాంకర్లు. ఆ ఏడాది చివర్లో వానలు పడ్డాయి, జలాశయాలు నిండాయి. గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆడిట్‌కు సరైన కాలం మాత్రం అదే. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కొలిచిపెట్టుకుంటేనే కరువులో ఎక్కడ కోత పెట్టాలో తెలుస్తుంది.

గుడికీ నీటి లెక్కకూ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే వాళ్లను కడప జిల్లా పోరుమామిళ్లకు తీసుకువెళ్లాలి. అక్కడ భైరవాలయం ముందు రెండు రాతి పలకల మీద 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడనే పేరు కూడా ఉన్నవాడు, తవ్వించిన చెరువు శాసనం అది. చెరువు తవ్వించిన పుణ్యం గురించి పొగడ్తలు ఏ శాసనంలోనైనా ఉంటాయి. ఈ శాసనం అక్కడితో ఆగలేదు. కట్ట పొడవెంత, వెడల్పెంత, ఎత్తెంత అని కొలతలు రాసింది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాతిపనికి 100 బండ్లు, రెండేళ్ల కాలం పట్టాయని రాసింది. మంచి చెరువుకు ఉండవలసిన 12 లక్షణాలు చెప్పింది, అందులో నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఉండాలన్నది ఒకటి. ఆ తర్వాత చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు చెప్పింది. వాటిలో మొట్టమొదటిది ఏమిటో తెలుసా? కట్టలోంచి నీరు ఊరిపోవడం. ఈనాటి మాటలో లీకేజీ.

ఆరున్నర శతాబ్దాల కిందట ఒక ఆలయం ముంగిట నిలబెట్టిన రాయి మీద నీటి ఆడిట్‌లో ఉండవలసినవి దాదాపు అన్నీ ఉన్నాయి. కొలత ఉంది, ఖర్చు ఉంది, ఎవరు చూడాలో ఉంది, దోషాల పట్టిక ఉంది. దాన్ని అటకమీదో ఆఫీసు బీరువాలోనో దాచలేదు, ఊరంతా చూసేట్టు గుడి ముందు పెట్టారు. చెరువు తవ్వించడం, గుడి కట్టించడం రెండూ మనిషి పేరు నిలిపే సప్తసంతానాల్లో చేరాయి. అలాంటి నేల మీద గుడి నీళ్లను కొలవడం పరాయి పని అనిపించుకోదు.

ఇక కొలవడం ఎలా? పెద్ద దేవస్థానాలకు ఇంజనీరింగ్ విభాగాలుంటాయి, మీటర్లు పెట్టుకోగలవు. ఊరి రామాలయానికీ వీధి మసీదుకూ ఆ సౌకర్యం ఉండదు. వాటికి కావలసిన సామాను ఒక బకెట్టు, ఒక గడియారం, ఒక చాక్‌పీసు, ఒక నోటుపుస్తకం.

మొదట చూడవలసింది నీళ్లు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో. బోరు, మున్సిపాలిటీ కుళాయి, ట్యాంకరు, కోనేరు, వాననీరు. బోరుకు మీటరు లేకపోతే పైట్యాంకు నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. 10,000 లీటర్ల ట్యాంకు 80 నిమిషాల్లో నిండితే నిమిషానికి 125 లీటర్లు. ఇక రోజూ మోటారు ఎన్ని గంటలు ఆడుతుందో పుస్తకంలో రాస్తే చాలు, వాడకం తెలిసిపోతుంది. ఈ పుస్తకం పెట్టిన వారానికే ఒక నిజం బయటపడుతుంది. మోటారు వేసినవాళ్లు ఆపడం మరిచిపోతారు. నైవేద్యం వేళకు హడావుడి, ఎవరో పిలిచారు, అటు వెళ్లిపోయారు. ట్యాంకు నిండి ఓవర్‌ఫ్లో పైపులోంచి గోడ వెంబడి నీళ్లు ధారకట్టి కాలువలో కలుస్తాయి. ఆ గోడ మీద నాచు పట్టి ఉంటే పుస్తకం తెరవకుండానే చెప్పేయవచ్చు. బాల్ వాల్వో, ఆటోమేటిక్ స్టార్టరో పెడితే ఆ నాచు ఎండిపోతుంది.

తర్వాత కుళాయిలు. ఒక్కోదాని కింద బకెట్టు పెట్టి, పూర్తిగా తిప్పి, నిమిషంలో ఎన్ని లీటర్లు పడ్డాయో చూడాలి. మామూలు కుళాయి 10 నుంచి 15 లీటర్లు పోస్తుంది. మూతికి చిన్న జల్లెడలాంటి ఏరేటర్ బిగిస్తే నీళ్లలో గాలి కలిసి ధార నిండుగానే కనిపిస్తుంది కానీ వాడకం సగానికో మూడో వంతుకో పడిపోతుంది. కాళ్లు కడుక్కోవడానికి ధార వేగం అక్కర్లేదు, పాదం తడిస్తే చాలు. కొన్ని గుళ్లలో గడప ముందు సన్నగా పారే నీటి కాలువ కడతారు. అందులోంచి నడిచి లోపలికి వెళితే పాదాలు వాటంతటవే తడుస్తాయి. ఆ నీటిని వడకట్టి మళ్లీ మళ్లీ తిప్పగలిగితే కుళాయిల వరసతోనే పని లేదు.

మరుగుదొడ్లు ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడని చోటు. భక్తులు ఎక్కువ వచ్చే ఆలయాల్లో అసలైన ఖర్చు అక్కడే. పాతకాలపు సిస్టర్న్ ఒక్కసారి మీట నొక్కితే 10 లీటర్లు వదులుతుంది. రెండు మీటలున్న కొత్త రకం 3 లీటర్లు, 6 లీటర్లు. కంటికి కనిపించని లీకు కూడా సిస్టర్న్‌లోనే ఉంటుంది. అది పట్టుకోవడానికి ప్లంబరు అక్కర్లేదు. సిస్టర్న్ మూత తీసి కాస్త పసుపు నీళ్లు కలిపి, పావుగంట ఎవరూ వాడకుండా చూడాలి. మీట నొక్కకుండానే కింద పసుపు రంగు దిగితే లోపలి రబ్బరు పోయినట్టే. గుడిలో పసుపుకు కరువా?

అన్నదానం సంగతి వేరు. అక్కడ నీళ్లు తగ్గించడమంటే శుభ్రం తగ్గించడం కాకూడదు. అయినా దారులున్నాయి. వెయ్యిమంది తిన్న స్టీలు కంచాలను పారే కుళాయి కింద ఒక్కొక్కటిగా కడిగితే, కంచానికి 2 లీటర్లు అనుకున్నా, 2,000 లీటర్లు. నానబెట్టడానికి ఒక తొట్టి, సబ్బుకు ఒకటి, తొలపడానికి ఒకటి పెట్టి, 100 లీటర్ల చొప్పున మధ్యలో ఒకసారి నీళ్లు మార్చినా 600 లీటర్లతో తేలిపోతుంది. విస్తరాకులు వేస్తే కడిగే పనే లేదు, ఆకులు ఎరువుగా మారతాయి. బియ్యం కడిగిన నీళ్లు గోశాల ఉన్న గుళ్లలో కుడితిలోకి వెళతాయి. ఇంట్లో పాడి ఉన్న ఏ అమ్మమ్మకైనా తెలిసిన పొదుపు అది. పెద్ద వంటశాలల్లో బియ్యపు నీళ్లు నేరుగా తూములోకి పోతున్నాయంటే ఆ అమ్మమ్మను అడిగేవాళ్లు లేకపోవడమే కారణం. ప్రాంగణం కడగడంలో కూడా అంతే. ముందు చీపురుతో ఊడ్చి, తర్వాత బకెట్టుతో తడిగుడ్డ పెడితే అయ్యే పనికి రబ్బరు పైపు పట్టుకుని అరగంట నిలబడితే, నిమిషానికి 20 లీటర్లు పోసే పైపైనా 600 లీటర్లు అయిపోతాయి. ఆ 600తో వెయ్యి కంచాలు కడగవచ్చు.

మసీదుల లెక్క వుజూ దగ్గర మొదలవుతుంది. నమాజుకు ముందు చేతులు, ముఖం, పాదాలు కడుక్కునే శుద్ధి అది. ప్రవక్త ఒక ‘ముద్’ నీళ్లతో వుజూ ముగించేవారని హదీసులు చెబుతాయి. ముద్ అంటే ఇప్పటి కొలతలో సుమారు ముప్పావు లీటరు. పారే నది ఒడ్డున ఉన్నా నీళ్లు వృథా చేయకూడదన్న హితవు కూడా హదీసుల్లో ఉంది. ఇప్పుడు ఒక మామూలు వీధి మసీదులో శుక్రవారం జుమా నమాజుకు 500 మంది వస్తారనుకుందాం. కుళాయి తిప్పి వదిలేసి, చేతులు రుద్దుకునేటప్పుడు కూడా ఆపకుండా కడుక్కుంటే మనిషికి 8 లీటర్లు పోవడం తేలిక. మొత్తం 4,000 లీటర్లు. తిప్పుతూ ఆపుతూ 3 లీటర్లలో ముగిస్తే 1,500. తేడా 2,500 లీటర్లు, ఒక్క పూట నమాజుకు.

హైదరాబాదు మక్కా మసీదుకు 1617లో పునాది పడింది, 1694లో నిర్మాణం పూర్తయింది. కుతుబ్‌షాహీల కాలంలో మొదలై ఔరంగజేబు కాలంలో ముగిసింది. ఆ ప్రాంగణంలో హౌజు ఉంది. వుజూ కోసం కట్టిన నీటి తొట్టి. హనఫీ సంప్రదాయంలో హౌజుకు కూడా కొలత ఉంది. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు ఉన్న నీరు ఒకరిద్దరు చేతులు ముంచినంత మాత్రాన మైలపడదు. హౌజు గట్టున కూర్చున్న మనిషి కావలసినన్ని నీళ్లు దోసిట్లోకి తీసుకుంటాడు. చెయ్యి ఆగితే నీళ్లు ఆగుతాయి. కుళాయికి ఆ గుణం లేదు, మనిషి ఆగినా అది ఆగదు. కుళాయిలు వచ్చాక శుభ్రం పెరిగింది, ఖర్చు కూడా పెరిగింది. నొక్కితే కాసేపు పోసి తనంతట తానే ఆగిపోయే కుళాయిలు పెడితే హౌజులోని ఒబ్బిడి కొంత తిరిగివస్తుంది. వుజూ చేసిన నీళ్లలో సబ్బు ఉండదు, జిడ్డు ఉండదు. ఇసుక, బొగ్గు వడపోత గుండా పంపితే మరుగుదొడ్లకూ మొక్కలకూ నిక్షేపంగా పనికొస్తాయి. శుద్ధి చేసిన నీటి విషయంలో ధర్మసందేహం ఉన్నవాళ్లకు ఒక సంగతి. రుచి, రంగు, వాసన మామూలుకు వచ్చేదాకా పూర్తిగా శుద్ధి చేసిన నీటిని వుజూకు కూడా వాడవచ్చని సౌదీ అరేబియా ఉలేమా పెద్దల మండలి 1978లోనే తీర్పు చెప్పింది.

ఖర్చు పక్కన రాబడి కూడా రాయాలి. నీటి ఆడిట్‌లో రాబడి అంటే వాన. మెదక్ చర్చిని చూడండి. కరువు రోజుల్లో జనానికి పని కల్పించి తిండి పెట్టడానికి మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలైన కట్టడం అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. శిలువ ఆకారం కాబట్టి మూలల్లో ఖాళీ వదిలేసి కప్పు 1,500 చదరపు మీటర్లు అనుకుందాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఏడాదికి 800 మిల్లీమీటర్లు కురిస్తే 12 లక్షల లీటర్లు. చిమ్మిపోయేదీ ఆవిరయ్యేదీ అయిదో వంతు తీసేసినా 9 లక్షల 60 వేల లీటర్లు చేతికొస్తాయి. కరువు తీర్చడానికి కట్టిన చర్చి కప్పు మీద ఏటా పడే నీళ్లు అవి. ఏ ప్రార్థనా స్థలానికైనా ఇదే సూత్రం. కప్పు పొడవు, వెడల్పు, ఊరి వానపాతం. మూడు అంకెలు గుణిస్తే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇంకుడు గుంతలోకీ బోరు చుట్టూ తవ్విన గుంతలోకీ వెళ్లవలసింది శుభ్రమైన వాననీరు మాత్రమే. సోమసూత్రం నుంచి బయటికి వచ్చే అభిషేక జలంలో పాలు, పెరుగు, తేనె, పసుపు ఉంటాయి. దాన్ని నేరుగా ఇంకిస్తే భూమిలోపల కుళ్లి బావినీరు వాసన కొడుతుంది. మంచి ఉద్దేశంతో ఈ పొరపాటు చేసిన ఊళ్లున్నాయి. అభిషేక జలాన్ని ముందు కంకర, ఇసుక నింపిన తొట్టిలో ఆపి, అక్కడి నుంచి మారేడు చెట్టుకో పూలతోటకో మళ్లించాలి. పత్రీ పూలూ వేరే గుంతలో ఎరువవుతాయి. ఆ తోటలో పూసిన పూలు మర్నాడు స్వామి మీదకే వస్తాయి.

నీటికి ఒక పని అయ్యాక ఇంకొక పని అప్పజెప్పడం ఎలాగో మహానంది చూపిస్తుంది. నల్లమల కొండల అడుగున లింగం కింది నుంచి ఊరే ఊట రుద్రగుండంలోకి వస్తుంది. అక్కడి నుంచి బయటి బ్రహ్మగుండం, విష్ణుగుండాల్లోకి పారుతుంది. నిలువెత్తుకు తక్కువ లోతు, అడుగున సూది పడినా కనిపించేంత తేట. భక్తులు స్నానం చేస్తారు. ఆ నీరు అక్కడితో ఆగదు, పొలాలకూ అరటితోటలకూ సాగుతుంది. మహానంది అరటిపండు పేరు విననివాళ్లు రాయలసీమలో ఉండరు. దర్శనం, స్నానం, సేద్యం, వరసగా మూడు పనులు. ఊట అలా అందరికీ దొరకదు, నిజమే. కానీ వరస మాత్రం ఏ గుడైనా పెట్టుకోవచ్చు.

కోనేళ్ల శుభ్రానికి కూడా ఒక క్రమం ఉంది. తిరుమల స్వామి పుష్కరిణిని ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు నెలరోజులు మూసి, పది రోజులు నీరు తీసి, పది రోజులు మరమ్మతు చేసి, చివరి పది రోజుల్లో మళ్లీ నింపుతారు. అమృత్‌సర్ స్వర్ణదేవాలయ సరోవరంలో 1923లో, 1973లో, 2004లో కారసేవ జరిగింది. భక్తులే దిగి అడుగున చేరిన పూడిక తట్టలతో ఎత్తి మోశారు. చాలా ఊళ్లలో కోనేటి మెట్లు కనిపిస్తాయి, నీళ్లు కనిపించవు. వాననీరు వచ్చే తూము ఎక్కడో ఇంటి పునాది కింద పూడిపోయి ఉంటుంది. ఆ తూము వెతకడం ఆడిట్‌లో అన్నిటికంటే కష్టమైన పని, అన్నిటికంటే ఫలితమిచ్చే పని కూడా. ఊళ్లో డెబ్బయి దాటిన పెద్దల్ని అడిగితే వాన వస్తే నీళ్లు ఏ సందులోంచి వచ్చేవో వేలు పెట్టి చూపిస్తారు.

ఈ కొలతలు ఎప్పుడు తీయాలన్నది కూడా ముఖ్యమే. మామూలు మంగళవారం ఒకసారి, కార్తీక సోమవారం ఒకసారి కొలవాలి. మసీదులో అయితే మామూలు జొహర్ నమాజు ఒకసారి, రంజాన్ శుక్రవారం ఒకసారి. చర్చిలో ఒక ఆదివారం, ఒక క్రిస్మస్ రాత్రి. పండగనాటి అంకె ఒక్కటే పట్టుకుంటే అందరూ బెంబేలెత్తిపోతారు, మామూలు రోజు అంకె ఒక్కటే పట్టుకుంటే పండగనాడు ట్యాంకర్ల కోసం పరుగెత్తుతారు. ఊరి హైస్కూలు పిల్లలకు ఈ పని అప్పగిస్తే సంబరంగా చేస్తారు. లీటర్లు, నిమిషాలు, ఘనపరిమాణం. వాళ్ల లెక్కల పుస్తకంలో ఉన్నదే.

అన్నిట్లోకీ తేలికైన పరీక్ష రాత్రి చేసేది. పవళింపు సేవ అయ్యాక, తలుపులు మూశాక, మోటారు ఆపేసి, ఒక మనిషి నిచ్చెనెక్కి పైట్యాంకు మూత తీయాలి. టార్చిలైటు వేసి, లోపలి గోడ మీద నీటిమట్టం దగ్గర చాక్‌పీసుతో ఒక గీత గీయాలి. తెల్లవారుజామున సుప్రభాతానికి ముందు, ఎవరూ కుళాయి తిప్పకముందే, మళ్లీ ఎక్కి చూడాలి. నీళ్లు గీతకు నాలుగు వేళ్ల కిందికి దిగాయనుకుందాం, ఏడున్నర సెంటీమీటర్లు. రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న ట్యాంకులో అది 375 లీటర్లు. గుడిలో అందరూ నిద్రపోతుండగా ఒక్క రాత్రిలో పోయిన నీళ్లు. ఇక వెతకాలి. కాళ్లు కడిగే కుళాయిల వరస, వంటశాల వెనక పైపు, మరుగుదొడ్లు. మూడో సిస్టర్న్‌లో పసుపు కిందికి దిగింది. పొద్దున పది గంటలకల్లా ప్లంబరు వచ్చి రబ్బరు మార్చి వెళ్లాడు. ఆ రాత్రి పవళింపు సేవ అయ్యాక అదే మనిషి మళ్లీ నిచ్చెనెక్కి, పాత గీత తుడిచి, కొత్త గీత గీశాడు.